నీడలో చూసిన నలుపు

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకు నాయన రంగుల పొయ్యి ముట్టించాడు. పొయ్యి ముట్టించడం మా ఇంట్లో రోజూ ఉండే పనే, కానీ ఆ వేళ ముట్టించడం నేను అంతకుముందు చూడలేదు. ధర్మవరంలో పట్టునూలుకు రంగు వేసేవాళ్లు తెల్లవారకముందే బాన ఎక్కిస్తారు. చిలపలు, అంటే నూలు కట్టలు, రంగులోంచి తీసి జాడించేసరికి ఎండ వస్తుంది. ఆ ఎండలో ఆరేసి రంగు చూసుకుంటారు. మధ్యాహ్నం రెండున్నరకు మా వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోతుంది. అందరూ తిని నడుం వాలుస్తారు. పొగ ఎందుకు వస్తోందని అడిగేవాళ్లు ఉండరు. నాయన ఆ వేళను అందుకే ఎంచుకున్నాడు. ఆ రోజు రంగు వేయాల్సింది నూలుకు కాదు, మా అక్క తలకు.

యాభైల చివరి మాట ఇది. అక్కకు ముప్పై ఏళ్లు. తల నెరవడం చాలా ముందే మొదలైంది. మొదట పాపట పక్కన, తర్వాత చెవుల మీద, ఆ తర్వాత లెక్క లేదు. మా అమ్మకూ అంతే, అమ్మ వాళ్ల అమ్మకూ అంతే. మా ఇంట్లో ఎవరూ దాన్ని తప్పుగా అనుకోలేదు. హిందూపురంలో అక్క అత్తగారింట్లో అనుకున్నారు. వాళ్లకు బెల్లం మండీ ఉండేది. అక్కకు పిల్లలు లేరు. ఆ మాట ఆ ఇంట్లో అనీ అనీ పాతబడిపోయింది. నెరిసిన తల వాళ్లకు కొత్త మాట అయింది.

ఎండలు ముదురుతుండగా అక్కను రైలెక్కించి పుట్టింటికి పంపారు. తోడు వచ్చింది బావ కాదు, మండీలో మూటలెత్తే మనిషి. అతను మా గడప బయటే నిలబడి, నేల చూస్తూ అక్క అత్త మాట చెప్పాడు.

"పెద్దమ్మ చెప్పమనింది సామీ. తల నల్లబడినాక రమ్మనింది."

నెల తిరిగాక అతనే మళ్లీ వచ్చాడు. బావ తమ్ముడికి పెళ్లి కుదిరింది. పెళ్లి పెనుకొండలో, ఆడపిల్లవాళ్ల ఇంటి ముందర. పెద్దకోడలు కనిపించకపోతే బంధువులు అడుగుతారు కాబట్టి అక్కను తీసుకురమ్మన్నారు. ఆ మనిషి పోతూ పోతూ ఇంకో మాట చెప్పాడు.

"చిన్నమ్మిని కూడా తప్పకుండా పిల్చుకొని రమ్మనింది. మావాళ్లు చూస్తారంట."

చిన్నమ్మి అంటే నేను. అప్పుడు నాకు పద్దెనిమిది. చూడడమంటే ఏమిటో ఎవరూ నాకు విడమరచి చెప్పలేదు. పెద్దదానికి పిల్లలు కాకపోతే చిన్నదాన్ని కూడా అదే ఇంటికి ఇచ్చేవాళ్లు. పరాయి పిల్ల వస్తే పెద్దదాన్ని తరిమేస్తుందని, సొంత చెల్లెలైతే ఓ మూల ఉండనిస్తుందని అనేవాళ్లు. దాన్ని దయగల పనిలాగా మాట్లాడేవాళ్లు. మా చిన్నాయన ఇంట్లో అంతకుముందు ఆ దయ జరిగింది. ఆయన పెళ్లాలైన ఆ అక్కాచెల్లెళ్లు ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని, ఒకరి నిప్పు ఒకరు అడగకుండా బతికారు.

అమ్మ ఆ రాత్రి నాయనను అడిగింది. "ఇద్దరు పెండ్లాలు కూడదని చట్టం వచ్చిందంట గదా?"

"వచ్చింది."

"మరి?"

"మరేముంది? పెండ్లికి పిల్చినారు, పోవాల. ముందు పెద్దదాని సంగతి చూడు. తల నల్లగా ఉంటే వాళ్ల నోట్లో మాట ఉండదు."

నాయన అనుకున్నది అంతే. అక్క తల నల్లబడితే అక్క కాపురం నిలుస్తుంది, నేను ఆ ఇంటికి పోనక్కర లేదు. అక్కకు ఇల్లు, నాకు విడుదల, రెండూ ఒక పూట రంగు మీద ఆధారపడ్డాయి.

అక్క నాతో సరిగా మాట్లాడి అప్పటికి నెల అయింది. వచ్చిన రోజు నా జడను మొదటినుంచి చివరిదాకా ఒకసారి చూసింది. ఆ తర్వాత నేను తల దువ్వుకుంటుంటే లేచి పోయేది. ఒకరోజు నా కొయ్య దువ్వెన తీసుకుపోయి రంగుల పొయ్యిలో పెట్టింది.

"ఎందుకేసినావక్కా?"

"చలి పుట్టింది," అంది. నడి ఎండాకాలం అది.

అమ్మ ముందు గోరింటాకు అంది. అక్క ఒప్పుకోలేదు. "మన వీధి చివర అత్తరు తాత గడ్డం చూసినావా? ఆయనకైతే బాగుంటాది. నేను ఆ ఎరుపేసుకొని పోతే మా అత్త నన్ను కూడా అత్తరు అమ్ముకోమంటాది."

అప్పుడు నాయన అన్నాడు. "పట్టు మాత్రం ఏంది? పురుగు ఒంట్లోంచి వచ్చిందే గదా. వెంట్రుక మనిషి ఒంట్లోంచి వచ్చింది. దానికి పట్టేది దీనికి యాల పట్టదు?"

ఆయన ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్నాడు. నెమలికంఠం, అరిటాకు పచ్చ, రాణి, మెరూన్, మామిడిపండు, ఏ రంగు అడిగినా కళ్లు మూసుకుని కలిపేవాడు. కానీ మా ఇంట్లో నలుపు లేదు. మా వీధిలోనే లేదు. ధర్మవరం చీర పెళ్లికి కొనే చీర, పెళ్లికి నలుపు ఎవరూ కట్టరు. నల్ల డబ్బా ఇంట్లో ఉంటే మిగతా రంగులకు కూడా అరిష్టమని మా అవ్వ బతికినన్నాళ్లు దాన్ని గడప తొక్కనీయలేదు. అవ్వ పోయాక కూడా ఎవరూ తేలేదు, అడిగేవాళ్లు లేరు కాబట్టి. అన్నభేది, కరక్కాయ కలిపితే నలుపు వస్తుందని నాయనకు తెలుసు. అది నూలుబట్టకు. పట్టునైతే ఆ నలుపు రెండేళ్లలో కొరికేస్తుంది. కూతురి తలకు దాన్ని వాడడానికి ఆయన చెయ్యి రాలేదు. అందుకని పెళ్లి రంగులే కలిపి నలుపు చేస్తానన్నాడు. నెమలికంఠం ముదురుగా, మెరూన్ ముదురుగా, పైన పచ్చ. మూడూ కలిస్తే నలుపు. బానలో నిజంగానే నలుపుగా ఉంది. నేను చూశాను.

రంగు వేసింది పెరటి వైపు కొట్టంలో. తలుపు వేసుకున్నాం. కిటికీకి గోనెసంచి కట్టాం. అక్క పాత చీర చుట్టుకుని పీట మీద తల వంచి కూర్చుంది. అమ్మ చెంబుతో పోస్తోంది, నేను పాత గుడ్డతో వెంట్రుకలకు రుద్దుతున్నాను. కూతురు స్నానపు బట్టలో ఉంది కాబట్టి నాయన తలుపు బయటే నిలబడ్డాడు. అక్కడినుంచే పని చెప్పాడు.

"నీళ్లు కాలతాండాయా?"

"కాలతాండాయి," అంది అమ్మ.

"చెయ్యి పెట్టగలుగుతాండావా?"

"పెట్టగలుగుతా."

"అయితే చాలవు. ఇంకా కాగనీ. వేడి లేకుంటే రంగు పట్టదు."

"తలకాయ నాయనా ఇది, చిలప కాదు," అన్నాను నేను.

వంచిన తల కిందినుంచి అక్క మాట వచ్చింది. "నువ్వు నోరు మూసుకో. అమ్మా, నీళ్లు పొయ్యి."

అమ్మ పోసింది. అక్క మెడ ఎర్రగా కందింది. చింతపండు పులుసు కూడా పోశాం, పులుపు తగిలితే రంగు నిలుస్తుందని. చెవుల వెనక పొక్కులు లేచాయి. అక్క పీట అంచు రెండు చేతులా పట్టుకుంది కానీ ఆపమనలేదు. మధ్యలో ఒకసారి నా వేళ్లు పాపట దగ్గర ఆగితే, "ఏం, జాలా? జాలి యాడన్నా పెట్టుకో. రుద్దు," అంది.

ఆడవాళ్ల తల వెంట్రుకలను మేఘాలని, తుమ్మెదలని రాసిన పద్యాలు బడిలో నా చేత కంఠతా పట్టించారు. రాసినవాళ్లెవరూ ఎప్పుడూ ఒకరి తల కడిగి ఉండరు. తడి వెంట్రుక ముద్దగా, బరువుగా ఉంటుంది. రంగు నీళ్లు కళ్లలో పడతాయి. పుల్లటి ఆవిరి ముక్కుకు పడుతుంది. ఇంతకుమించి అందులో ఏమీ లేదు.

జాడించాక నాయన బయటినుంచి అడిగాడు. "ఏ రంగు కనిపిస్తాంది?"

"నల్లగా," అంది అమ్మ.

"బాగా చూడు."

"బాగానే చూసినా. కాకి మాదిరి ఉండాది."

నాయన తలుపు కొంచెం తీసి, సందులోంచి చూశాడు. గోనె కట్టిన ఆ గదిలో అక్క తల నల్లగానే ఉంది. ఆయన ముఖంలో సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది, గుర్తున్నందుకు కోపం కూడా ఉంది. ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క చిలప కూడా ఎండలో చూడకుండా నేసేవాళ్లకు ఇవ్వలేదు. నీడలో చూసి సరే అన్నవాడి రంగు సంతలో నవ్వులపాలవుతుందని తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ చెప్పేవాడు. కూతురి తలను మాత్రం నీడలో చూసి సరే అన్నాడు. పెళ్లయిన పిల్లను రంగు తలతో పెరట్లో ఎండలో నిలబెడితే ఇరుగుపొరుగు చూస్తారు. వీధికి దాచాలనుకున్నాడు కాబట్టి ఎండకు చూపించలేదు.

సాయంత్రం ప్యాసింజరుకు బయలుదేరాం. నా గోళ్లు నీలం తిరిగాయి. అమ్మ వాటి మీద గోరింటాకు పెట్టింది కానీ నీలం పోలేదు, బురద రంగు అయింది. నేను పిడికిళ్లు మూసుకుని కూర్చున్నాను.

పెనుకొండ స్టేషను నుంచి జట్కాలో పెళ్లివారి ఇంటికి చేరేసరికి పెట్రోమాక్సు లైట్లు వెలిగించారు. అక్క జట్కా దిగగానే అత్త ఎదురొచ్చింది. లైటు దగ్గరికి పిలిచి, కొంగు పక్కకు తీసి, తల మీద చెయ్యి పెట్టకుండా చూసింది.

"ఏమే, పుట్టింటి నీళ్లు బాగా పడినట్లుండాయే."

"పడినాయి అత్తా."

"మా హిందూపురం నీళ్లే చేదేమో నీకు."

అత్త నా వైపు తిరిగి జడ పట్టుకుని బరువు చూసినట్టు ఒకసారి ఎత్తి వదిలింది. బెల్లం అచ్చును అలాగే ఎత్తి చూస్తారు. బావ కొంచెం దూరంలో మంచం మీద కూర్చున్నాడు. తలకు పాగా చుట్టుకున్నాడు. మండీలో కూడా ఉత్త తలతో తిరిగే మనిషి. పెళ్లి కదా, పెద్దరికానికి చుట్టుకున్నాడేమో అనుకున్నాను. ఆయన అక్క వైపు చూడలేదు, పాగా మాత్రం రెండుసార్లు సర్దుకున్నాడు.

ఆ రాత్రి అక్క పడుకోలేదు. దిండుకు రంగు అంటుతుందని స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

పొద్దున అరివేణి తెచ్చే పని. మావైపు పెళ్లికి ముందు ముత్తైదువలు కుమ్మరి ఇంటికి పోయి, సున్నం, ఎర్రమన్ను పూసిన కుండలు నెత్తిన పెట్టుకుని మేళంతో పందిట్లోకి తెస్తారు. పెద్ద కుండ ఇంటి పెద్దకోడలు ఎత్తుకోవాలి. అక్క నెత్తి మీద తెల్లగుడ్డ చుట్టకుదురు పెట్టి, దాని మీద నీళ్లు చల్లిన కుండ పెట్టారు. కొండ కింద వీధి అది, పొద్దు ఎక్కేకొద్దీ రాళ్లు కాలతాయి. మేళం వాళ్లు నడవనివ్వరు, మూడిళ్లకోసారి నిలబడి వాయిస్తారు. నేను అక్క వెనకే ఉన్నాను. ఎండ నేరుగా పడగానే చూశాను. అక్క తల వంకాయ రంగులో ఉంది.

చెప్పడానికి లేదు, దాచడానికి లేదు. ముందు ఎవరో పిల్ల చూసి పక్కదాన్ని మోచేత్తో పొడిచింది. తర్వాత వీధి అరుగుల మీద ఆడవాళ్లు చూశారు. నీలం, ఎరుపు వెంట్రుకకు పట్టాయి, పచ్చ పట్టలేదు. దానికి ఇంకా వేడి కావాలంట. నాయన తర్వాత చెప్పాడు, ఎవరూ అడగకుండానే.

పందిట్లో కుండ దించారు. అత్త అక్క నెత్తి మీది చుట్టకుదురు తీసింది. దాని అడుగు ఊదాగా, గుండ్రంగా మరక. అత్త దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుంది.

"ఏమన్నా," అని నాయనను పిలిచింది. "మా కోడల్ని బానలో ముంచినావా ఏంది?"

పందిరంతా నవ్వింది.

"రంగేసినావు సరే. అంచు యాడ? కొంగు యాడ? జరీ ఎయ్యడం మర్చిపోయినావేమప్పా?"

మా వైపువాళ్లు కూడా నవ్వారు. ఆ ముఖాలు నాకు గుర్తున్నాయి, పేర్లు రాయను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని, చిలపను చూసినట్టు వేళ్ల మధ్య నలిపి చూస్తున్నాడు. ఆయనకు అప్పుడు కూడా రంగే కనిపించింది.

అత్త నవ్వు ఆపింది. "నవ్వింది చాలు. పెద్దలంతా ఉండారు కాబట్టి చెప్తాండా. ఎన్ని పూసినా దీనికి కడుపు పండలేదు, తల పండింది. నేను దీన్ని తరిమేస్తాననడంలేదు. ఒక మూల ఉంటాది. చిన్నది వచ్చిందిగా. అక్కాచెల్లెండ్లు ఒక చోట ఉంటారు. ఈ పందిట్లోనే తాంబూలం మార్చుకుందాం."

"చట్టం ఒప్పదంట గదమ్మా," అన్నాడు నాయన, గట్టిగా కాదు.

"చట్టం కచేరీలో ఉంటాది. మా ఇంట్లో నేనుంటా."

ఎవరో తాంబూలం పళ్లెం తెచ్చి పట్టుకున్నారు. ఆకులు, వక్కలు, అరటిపండ్లు. ముందే సిద్ధం చేసి ఉంచారు. నాయన ఆ పళ్లెం చూశాడు, నన్ను చూశాడు, చేతిలో గుడ్డ చంకలో పెట్టుకుని కుడిచెయ్యి ముందుకు చాచాడు. తీసుకోవడానికే చాచాడు. తోసేయడానికని ఆయన పోయేవరకూ చెప్పుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"నాయనా, చెయ్యి ఎనక్కి తీసుకో."

అక్క మాట. ఆమె కుండ దించిన చోటే నిలబడి ఉంది. చెమటకు ఊదా నీళ్లు కణతల మీద కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అత్తా, నీ కొడుకును పాగా తీయమను."

"ఏందే అది?"

"తీయమను. ఆదివారం ఆదివారం తలుపేసుకొని ఆయన తలకు నలుపు పూసేది నేనే. బెంగుళూరునుంచి తెచ్చిన బుడ్డి. పెట్టెలో పెట్టి బీగం ఏసుకుంటాడు. నా తలకు రెండు చుక్కలు ఇయ్యమంటే ఆడదానికి యాలన్నాడు. నేను పోయి నెల అయింది. పూసేవాళ్లు లేరు. యాడిదాకా తెల్లగా వచ్చిందో అందురూ చూడండి."

ఎవరూ నవ్వలేదు, ముందు. తర్వాత ఆడపిల్లవాళ్ల వైపు ముసలాయన ఒకడు మంచం మీదనుంచే అన్నాడు. "తీయబ్బా, గాలన్నా తగులుతాది."

బావ పాగా తీయలేదు. రెండు చేతులతో పట్టుకున్నాడు. అది చాలింది. ఈసారి నవ్వు వేరే వైపునుంచి లేచింది.

"మొగోనికి నెరిస్తే ఏమే?" అంది అత్త.

"ఏమీ లేదు. ఏమీ లేనిదానికి పూసుకునేది యాల?"

"మొగుడి గుట్టు పందిట్లో పెడతావా? నువ్వు ఆడదానివేనా?"

"నా తల పందిట్లో పెట్టింది ఎవురు? ఆ గుడ్డ ఎత్తి చూపింది ఎవురు?" అక్క గొంతు పెరగలేదు. "నా చెల్లెలు మీ ఇంటికి రాదు. నీ కొడుకు తలకు పూసేదానికి కూలికి మనిషిని పెట్టుకోండి."

పెళ్లికూతురి అవ్వ అప్పటిదాకా మాట్లాడని మనిషి. తన మనవరాలి వైపు చూపించి అత్తతో అంది. "ఏమమ్మా, మా పిల్ల తల కూడా ఇప్పుడే చూసుకోండి. ఇప్పటికైతే నల్లగానే ఉండాది. రేపు నెరిసినాక రైలెక్కిస్తారేమో, ముందే చెప్తే మేం మేళాన్ని పంపించేస్తాం."

అత్తకు ఆ మాట తగిలింది. ఆగిపోయిన పెళ్లి పరువు తక్కువ, నెరిసిన కోడలు అంత కాదు. తాంబూలం పళ్లెం లోపలికి పోయింది. మేళం మొదలైంది. ముహూర్తానికి మేము లేము. ఊదా నీళ్లు కారుతున్న తలతోనే అక్క స్టేషను వైపు నడిచింది. జట్కా అడగలేదు. వెనక అమ్మ, నేను, ఇంకా వెనక నాయన.

రైల్లో నేను అక్క పక్కన కూర్చున్నాను. ఏదో అనాలనిపించి ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది.

"నీకోసం అనుకుంటాండావా? ఈ జడ నా కండ్ల ముందర ఆ ఇంట్లో రోజూ తిరుగుతా ఉంటే చూడలేక చెప్పినా. అంతే."

ఆ మాట నిజమా, కాదా అని చాలా ఏళ్లు ఆలోచించాను. పుస్తకాల్లో అయితే అది ప్రేమను దాచుకున్న మాట అవుతుంది. నేను అలా రాయలేను. ఆమె ముఖంలో ప్రేమ లేదు. నన్ను కాపాడింది, నన్ను ఇష్టపడలేదు. రెండూ ఒకే మనిషిలో ఉండకూడదని ఎవరూ నియమం పెట్టలేదు.

హిందూపురంనుంచి మళ్లీ మనిషి రాలేదు. అక్క పోలేదు. ఆ ఊదా తలనుంచి వదలడానికి నెలలు పట్టింది. కింద ఊదా, పైన తెలుపు. ఒకరోజు చిలపలు కత్తిరించే కత్తెర తీసుకుని ఊదా ఉన్నంతవరకూ కోసేసుకుంది. భర్త బతికుండగా జుట్టు కోసుకుందని వీధిలో అన్నారు. ఆమె నూలు కండెలు చుడుతూ విన్నది. ఆ చుట్టకుదురు గుడ్డను దాచి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. అమ్మ దాన్ని ఉతికితే మరక పోయింది. తర్వాత వంటింట్లో మసిగుడ్డగా వాడింది.

నాయన ఒకసారి, రంగు ఆరేస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "ఎండలో చూసింటే సరిపోయేది."

"చూసింటే ఏం చేసేవాడివి?" అంది అక్క. "ఇంకో రంగేసేవాడివి."

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా ఆయనతో అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

నాకు తర్వాత పెనుకొండలోనే సంబంధం వచ్చింది, కచేరీలో గుమాస్తా. నా పెళ్లిలో అక్క తెల్లటి తలతో, కొంగు కప్పుకోకుండా ముందు వరసలో కూర్చుంది. అక్షింతలు నా నెత్తిన కాదు, భుజం మీద వేసింది. పండగలకు పుట్టింటికి పోతే నా ముందు అన్నం పళ్లెం పెట్టేది, తిన్నావా అని అడిగేది కాదు. మా చిన్నాయన పెద్దకూతురికి పిల్లలు కాక, రెండోదాన్ని కూడా అక్కడికే ఇద్దామన్న మాట ఒకసారి వాళ్లింట్లో వచ్చింది. అక్కను ఎవరూ పిలవలేదు. తనే వెళ్లి వాళ్ల గడపలో కూర్చుంది. నోరు విప్పలేదు. ఆ తల చూసి, పెనుకొండ పందిరి గుర్తొచ్చి, వాళ్లే ఆ మాట మానుకున్నారు.

అరవైల్లో ఒక వానాకాలం అక్కకు జ్వరం వచ్చి తగ్గలేదు. నేను వచ్చేసరికి మాట పడిపోయింది. పోయాక ముత్తైదువలు తల స్నానం చేయించారు. నేనే నీళ్లు పోశాను, గోరువెచ్చగా. పోసిన నీళ్లు పోసినట్టే, రంగు లేకుండా కిందికి వచ్చాయి. అంతకంటే ఏమీ గమనించలేదు. తల దువ్వాను. ఇన్నేళ్లలో ఆమె తల దువ్వనిచ్చింది అప్పుడే.

భర్త రావాలి కాబట్టి కబురు పెట్టారు. బావ వచ్చాడు. మడకశిర వైపు పిల్లను చేసుకున్నాడని అప్పటికే విన్నాం. పాగా లేదు. తల నల్లగా, నూనె రాసి దువ్వి ఉంది. ఎవరు పూస్తున్నారో నేను అడగలేదు. గడపలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు నిజమో కాదో నాకు అక్కర లేదు. నేను ఆయనకు నీళ్లు కూడా ఇవ్వలేదు.

మా ఇళ్లలో ఇప్పుడు అక్క మొగుడికి చెల్లెలిని ఇవ్వడం లేదు.